కన్ను ముందా, నేను ముందా

శాలిబండ,
జూన్ నెలాఖరు.

సలీమాకు,

కుట్టు సంచి విప్పగానే చీరల మీద ఈ కాగితం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. ఫోను ఉండగా ఉత్తరమేమిటంటావా, మా ఇంట్లో నా ఫోను నాది కాదు, పంచాయితీది. నువ్వు హలో అనగానే విశాల్ స్పీకర్ పెడతాడు. మీ బావ టీవీ గొంతు తగ్గించి చెవులు రిక్కిస్తాడు. కోడలు కీర్తిప్రియ వంటింట్లోంచి నా బదులు జవాబులు చెబుతుంది. ఇక నేనెందుకు మాట్లాడటం? మీ ఇంట్లోనూ తెలుగు చదివేది నువ్వొక్కదానివే. మీ అబ్బాయి హమ్మాద్ వారం వారం ఈ సంచి జల్‌పల్లికి మోస్తాడు గాని ఇందులో ఒక్క ముక్క చదవలేడు. అందుకని ఇదే మేలనిపించింది.

సంగతేమిటంటే, నా కుడి కన్ను మసకబారింది. ఎడమది నీకు తెలుసుగా, చిన్నప్పుడు తట్టు పోసినప్పుడు పువ్వు పడ్డ కన్ను, అది ముఖానికి అలంకారమే. పనిచేసేది ఈ ఒక్కటే. ఇప్పుడు తలుపు చట్రం వంకర పోయి కనిపిస్తోంది, చూపు మధ్యలో ఏదో నీడ. ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గదిలోంచి విశాల్ బయటికొచ్చి చెప్పాడు: "అమ్మా, ఏం ఫికర్ జెయ్యకు. కంట్ల నీళ్లు జేరినయంట. కరెంటు పెడ్తే ఆరిపోతయ్." తడిసిన చీరను దండెం మీద వేస్తున్నట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడ మీది పోస్టరు చూశాడు. మూడేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీసినప్పుడు కూడా వాడు ఆ గోడనే చూశాడు.

బోనాల బేరం ఊపందుకుంది. నన్ను ఇంట్లో కూర్చోమంటున్నారు. నేను వినలేదు. ముప్ఫై ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ గద్దె మీద కూర్చుని, చీర చూడగానే జాకెట్ ముక్క తీసిచ్చిన చెయ్యి ఇది. కంట్లో నీళ్లున్నా ఒక్క ముక్క వెనక్కి రాలేదు తెలుసా?

నువ్వు పెద్ద పెద్ద అక్షరాలతో రాయి, గోడ మీద రాసినట్టు.

సావిత్రి


జల్‌పల్లి,
జూలై మొదటి వారం.

సావిత్రక్కకు సలాం.

నీ పంచాయితీ ఫోను సంగతి చదివి నవ్వుకున్నాను. నేనూ ఇల్లు కదలలేని మనిషినే. మోకాలికి ఆపరేషన్ అయిందిగా, మెట్లు దిగొద్దన్నారు. మిషను దగ్గరికీ మంచం దగ్గరికీ తప్ప నాకు వేరే ఊరు లేదు.

కంట్లో నీళ్లే కదా అక్కా. నీళ్లన్నాక ఆరిపోతాయి. మా ఆడబిడ్డ వాళ్ల పక్కింటామెకు ఇట్లాగే అయి ఇప్పుడు సూదిలో దారం తానే ఎక్కించుకుంటోంది. నువ్వు ఆ కరెంటేదో పెట్టించుకో, మస్తుగా అవుతుంది.

సంచిలో వచ్చిన ముక్కలన్నీ బాగానే ఉన్నాయి. చాలా బాగున్నాయి. మీ వీధి సుగుణమ్మ వంకాయ రంగు చీరకు నువ్వు తీసిన ముక్క చూసి, అక్క కన్ను అక్క కన్నే అనుకున్నాను. అయినా నాలుగు రోజులు కీర్తిప్రియను గద్దె మీద కూర్చోబెట్టి నువ్వు పక్కన కూర్చుంటే తప్పేముంది, చెప్పు?

మీ
సలీమా


శాలిబండ,
జూలై, బోనాలైన మూడో రోజు.

సలీమా,

నీళ్లన్నాక ఆరిపోతాయని రాశావు. ఎంత చల్లటి మాట. కందిపప్పు ధర పెరిగితే పది ప్రశ్నలడిగే దానివి, నా కన్ను గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. విశాల్ నీకూ ఫోను చేశాడన్నమాట. పాపం, ఎంతమందికి చేశాడో.

నాకు తెలుసు సలీమా. వాడు మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు డాక్టరమ్మను నేనే అడిగాను. రశ్మి అని చిన్న పిల్ల. డ్రెస్సుకూ చున్నీకీ పొంతన లేదు గాని మాట సూటిగా ఉంది.

"నీళ్లా, గడ్డనా?" అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గడ్డే అమ్మా. రొమ్ముల ఉన్న జబ్బే కంటి వెనక పొరలకొచ్చింది. దాని వల్లనే నీళ్లు చేరినయి. మీ బాబు చెప్పింది సగం నిజం."

"కరెంటు పెడ్తే పోతదా?"

"జబ్బు పోదు. వేరే చోట్ల గూడ ఉన్నది. కంట్ల ఉన్నదాన్ని కుదిస్తం. చూపు నిలబెట్టెతందుకే ఈ కరెంటు."

అబద్ధమెందుకు, భయమేసింది. తర్వాత ఆలోచిస్తే, ఇన్నాళ్లకు ఒక డాక్టరు నాకు కావలసిన సరుకే చూపించిందనిపించింది. పోవడానికి నాకేం అభ్యంతరం లేదు. అందరూ పోతారు, విశాల్ అబద్ధాలు కూడా పోతాయి. కానీ కన్ను ముందు పోయి, నేను చీకట్లో మంచం మీద పడి ఉండి, గద్దె మీద ఇంకొకరు చిలకపచ్చకు ఆకుపచ్చ ఇస్తుంటే వినడం నా వల్ల కాదు. అదే అడిగాను: "కన్ను ముందు పోతదా, నేను ముందు పోతనా?" ఆమె నవ్వలేదు. "ఇప్పుడే చెప్పలేనమ్మా, కరెంటు పనిచేసినంక చూద్దం" అంది.

ఇక ఆ కరెంటు, అదే వాళ్లు రేడియేషన్ అనేదాని ముచ్చట విను. తెల్లటి ప్లాస్టిక్ జల్లెడ ఒకటి వేడినీళ్లలో ముంచి, రొట్టెల పిండిలా మెత్తబడ్డాక నా ముఖం మీద పరిచి అద్దారు. అది గట్టిపడి నా ముఖమే అయింది. రోజూ దాన్ని నాకు తొడిగి బల్లకు బిగిస్తారు, నేను లేచి పారిపోతానని కాబోలు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి పోతుంది. నొప్పి లేదు, వేడి లేదు. ఇంత పెద్ద పేరు పెట్టుకుని చీమ కుట్టినట్టయినా ఉండదు. సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శని, ఆదివారాలు జబ్బుకు సెలవు. బయట మీ బావ కళ్లు మూసుకుని హనుమంతుణ్ణి పిలుస్తుంటాడు. నేను రాగానే "అయిపోయిందా, నీళ్లు ఆరినయా?" అంటాడు. ఆయనకూ తెలుసు. నాకు తెలుసని మాత్రం తెలియదు. అంత కష్టపడి దాస్తుంటే పాడుచెయ్యబుద్ధి కావడం లేదు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఒట్టేసి చెప్పు, నా ముక్కల్లో రంగు ఎక్కడైనా తప్పుతోందా?

సావిత్రి


జల్‌పల్లి,
జూలై.

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నీకు తెలుసని నాకు తెలియదు. విశాల్ ఫోను చేసిన మాట నిజం. "ఖాలా, అమ్మకు చెప్పకు" అన్నాడు, చెప్పలేదు.

రంగుల సంగతి అడిగావు. ఒక్కటీ తప్పలేదు. ఒట్టు. నువ్వు గద్దె దిగకు.

సలీమా


శాలిబండ,
సెప్టెంబర్, గణపతి నిమజ్జనమైన మర్నాడు.

సలీమా బేగం గారికి,

గారెందుకు పెట్టానో కింద తెలుస్తుంది.

కరెంటు అయిపోయి నెలన్నర దాటింది. మొదట కన్ను ఎర్రబడింది, కంట్లో ఇసుక పోసినట్టుండేది, సగం రెప్పవెంట్రుకలు రాలిపోయాయి. ఇప్పుడు గంటకోసారి చుక్కలు వేసుకుంటే చాలు. నీడ చిన్నదవుతోంది. మొన్న పొద్దున దుకాణం తెరిచేసరికి తలుపు చట్రం నిటారుగా కనిపించింది. ఎంత ఆనందమేసిందో, ఆ చట్రాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత చూపు కొంచెం కిందికి దించితే గల్లా పెట్టె మీద వేలెడు దుమ్ము. ఇన్నాళ్లూ కీర్తిప్రియ రోజూ తుడుస్తున్నానని చెబుతోంది. కన్ను రావడంలో ఇట్లాంటి నష్టాలున్నాయి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మొదటిసారి వేసుకున్న డ్రెస్సే వేసుకుంది. చున్నీ చక్కగా కలిసింది. అప్పుడు కలవనిది నా కన్నే. అక్కడే నాకు కొంచెం అనుమానం మొదలైంది.

నిన్న నిమజ్జనం చూడ్డానికి సుగుణమ్మ మా అరుగు మీద కూర్చుంది. వంకాయ రంగు చీర, వంకాయ రంగు జాకెట్. అంత బాగా కలిసిన జాకెట్ ఈ మధ్య నేను చూడలేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఒళ్లు మండింది. నా దుకాణంలో ఆ రంగు గుడ్డ తానే లేదు. ఉన్నదల్లా నలుపుకు దగ్గరి వంకాయ ఒక్కటే. అది నేనమ్మే రూబియా గుడ్డ కూడా కాదు, ముప్ఫై ఏళ్లుగా వేళ్ల మధ్య నలిపిన నేత నాకు తెలియదా?

"ఎక్కడ కుట్టించినవ్ సుగుణమ్మా?" అన్నాను.

"గిదేంది సావిత్రమ్మా, నీ దుకాణంలనే ఇచ్చిన గద. సలీమమ్మ కుట్టింది. రంగు మస్తు కలిసింది, అందరు అడుగుతున్నరు."

రంగు కలవకపోతే కోపం వచ్చిన వాళ్లున్నారు గాని, కలిసిందని కోపం వచ్చింది ఈ శాలిబండలో నాకొక్కదానికే. ఎన్ని మార్చావు? నేను తప్పుడు ముక్కలు పంపుతూ, నా అంత కన్ను ఎవరికీ లేదని లేని మీసం మెలేస్తూ కూర్చున్నాను. నువ్వు అక్కడ మూటలు విప్పి నవ్వుకున్నావా? విశాల్ ఉత్త అబద్ధమే చెప్పాడు. నువ్వు దానికి ఒట్టు కూడా జోడించావు.

జవాబు రాయి. రాయకపోతే సంచి పంపను.

సావిత్రి


జల్‌పల్లి,
సెప్టెంబర్.

అక్కా,

అవును, మార్చాను. ఫలక్‌నుమా దగ్గరి దుకాణం నుంచి హమ్మాద్‌తో తెప్పించి మార్చాను. నవ్వలేదు. ఒక మెంతి రంగు పెళ్లి చీరకు నువ్వు ఉల్లిపొర రంగు ముక్క పిన్ను పెట్టి పంపావు. దాన్ని చేత్తో పట్టుకుని ఏడ్చాను. అది అట్లాగే కుట్టి పంపితే ఏమయ్యేది? పెళ్లివాళ్లు దుకాణం ముందు లొల్లి చేసేవాళ్లు. మర్నాడే విశాల్ నిన్ను గద్దె మీద నుంచి లేపేవాడు. బోనాలప్పుడే గద్దె దిగే దానివి. నీ అక్షరాలు కాగితం మీద గీత దాటి కిందికి జారుతుండేవి, అట్లాంటప్పుడు నేను నిజం చెప్పి నీకేం ఇచ్చేదాన్ని?

నువ్వేమైనా తక్కువ తిన్నావా? ఇంట్లో బావ ముందు, విశాల్ ముందు నీళ్లు ఆరాయని నటిస్తున్నావు. నీది దాచడం, నాది అబద్ధమా?

ఇంకోటి కూడా రాసేస్తాను. మోకాలు ఎప్పుడో మానింది. మెట్లు దిగుతున్నాను, వీధి చివరి దాకా నడుస్తున్నాను. శాలిబండ రానిది మోకాలి వల్ల కాదు. కాగితం మీద అబద్ధం రాయగలను. నీ ఎదురుగా కూర్చుని చెప్పలేను.

కోపం పోకపోతే పోనీ. సంచి మాత్రం పంపు.

సలీమా


శాలిబండ,
అక్టోబర్, దసరా వెళ్లాక.

సలీమా,

నువ్వొచ్చి వెళ్లావు, సంతోషం. రెండు గంటలు కూర్చున్నావు. మీ బావ మీ కాలనీ నీళ్ల గురించి, విశాల్ హమ్మాద్ పని గురించి, కీర్తిప్రియ నీ మోకాలి గురించి మాట్లాడారు. మనిద్దరం చాయ్ తాగాం. గుమ్మం దాకా సాగనంపినప్పుడు కూడా నువ్వు నా చెప్పులు చూసి మాట్లాడావు. మా విశాల్‌కు గోడ ఎట్లాగో నీకు చెప్పులట్లా. ముక్కలు మార్చిన మాట నేను క్షమించాను. ఇక ముందు రంగు విషయంలో నాకు అబద్ధం చెప్పనని మాటివ్వు.

ఈ సంచిలో కాటన్ పట్టు చీర ఒకటుంది, మామిడాకు పచ్చ. దానికి పిన్ను పెట్టిన ముక్కతో జాకెట్ కుట్టు. ఎవరిదని అడుగుతావు, నాదే. ఎప్పుడు కడతావని అడుగుతావు, నేను కట్టను, నాకు కడతారు.

గాభరా పడకు, ఆలోచించు. మీ బావ ఉండగా నేను పోతే ముత్తయిదువను గదా, పసుపు పూసి, గాజులేసి, కొత్త చీర కట్టి పంపుతారు. ఆ రోజు ఇంట్లో ఎవరి బుర్ర పనిచేస్తుంది? కీర్తిప్రియ ఏడ్చుకుంటూ బీరువాలో చేతికందిన చీర తీస్తుంది, చేతికందిన జాకెట్ తీస్తుంది. శాలిబండ అంతా వచ్చి చూస్తుంది. మ్యాచింగ్ సెంటర్ సావిత్రమ్మ రంగు కలవని జాకెట్‌తో పోయిందని చెప్పుకుంటారు. ముప్ఫై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. కన్ను బాగున్నప్పుడే నా ముక్క నేనే తీసుకున్నాను.

కుట్టి పంపు. నీ కూలి నువ్వు తీసుకో, శవాల దగ్గర మొహమాటపడకూడదు.

సావిత్రి


జల్‌పల్లి,
అక్టోబర్.

అక్కా,

సంచి వచ్చి నాలుగు రోజులైంది. చీర విప్పి మళ్లీ మడిచి పెట్టాను. నువ్వెట్లా రాశావు అట్లాంటి మాటలు? నిన్ను నాలుగు తిట్టాలని కాగితం తీసుకున్నాను. తిట్లు రాలేదు.

కుట్టలేదు. కుట్టకపోవడానికి కారణం వేరు. నీకు చెప్పకుండా ఇంకో ముక్క తెప్పించి కుట్టేద్దామని హమ్మాద్‌ను కేకేశాను కూడా. వాడు గుమ్మం దాకా వచ్చాక వద్దని పంపేశాను. నువ్వు మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను.

రంగు కలవలేదు అక్కా. చీర మామిడాకు పచ్చ. నువ్వు పెట్టింది చిలకపచ్చ. కిటికీ దగ్గర చూశాను, వాకిట్లో ఎండలో చూశాను. కలవలేదు.

ఆసుపత్రికి వెళ్లి కన్ను మళ్లీ చూపించుకో.

సలీమా


శాలిబండ,
నవంబర్ మొదటి వారం.

సలీమా,

కలవలేదని నాకు తెలుసు. తానులోంచి కత్తిరించేటప్పుడే తెలుసు. పక్కనే ఉన్న కీర్తిప్రియ కూడా "అత్తమ్మా, గది వేరే రంగు గద" అంది. పరవాలేదు, పిల్ల పనికొస్తుంది, గద్దె ఇవ్వొచ్చు. నోరు మూసుకోమని చెప్పి ఆ చిలకపచ్చే పిన్ను పెట్టి నీకు పంపాను. అసలు ముక్క ఈ సంచిలో ఉంది. ఎండలో పెట్టి చూసుకో, తప్పు పట్టగలిగితే పట్టు.

నిన్ను ఏడిపించినందుకు తిట్టు, పడతాను. కానీ నాకు ఇంకో దారి లేదు. ఈ ఇంట్లో అందరూ నన్ను ప్రేమిస్తున్నారు, అందువల్ల ఒక్కరి మాటా నమ్మడానికి లేదు. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్దామంటే వెంట ముగ్గురు వస్తారు. పోయిన నెల నన్ను బయట కూర్చోబెట్టి విశాల్ లోపల చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి "అంతా బరాబర్ ఉన్నదమ్మా" అన్నాడు, గోడ వైపు తిరిగి. దసరా ముందు వాడు మీ ఇంటికి వచ్చాడని హమ్మాద్ నోరు జారాడు. కాబట్టి నీకు తెలుసు.

నాకు నచ్చని నిజం నువ్వు నాకు చెప్పగలవా లేదా అని చూడాలనుకున్నాను. చెప్పావు. ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతున్నాను, డాక్టరమ్మను అడిగిందే.

కన్ను ముందా, నేను ముందా?

సావిత్రి


జల్‌పల్లి,
నవంబర్.

అక్కా,

నువ్వు మనిషివి కాదు. ఆ చిలకపచ్చ ముక్క పట్టుకుని నేను ఎన్ని నమాజులు చేశానో నీకేం తెలుసు.

కొత్త ముక్క చూశాను. చీరలోంచే తీసినట్టుంది.

విశాల్ వచ్చిన మాట నిజం. మిషను పక్కన పీట మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఖాలా, ఇంట్ల ఏడ్వస్తలేదు, అందుకే గింత దూరం వచ్చిన" అన్నాడు. జబ్బు కాలేయం నిండా వచ్చిందట. మందులు పనిచేయడం లేదట. ఉగాది దాకా ఉంటదా అని వాడు అడిగితే డాక్టరమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసిందట.

తర్వాత వాడే అడిగాడట, మరి అమ్మ కన్ను ఏమైతది అని. ఆమె చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "కంటి ఫికర్ పెట్టుకోవద్దు. కరెంటు మంచిగ పనిచేసింది. ఆ కన్ను అమ్మ కంటే ముందు పోదు."

నువ్వే ముందు అక్కా.

రాశాను. నీకు నిజం కావాలన్నావు, ఇదిగో. నాకు మాత్రం ఇది వద్దు. నాకు నువ్వు కావాలి.

సలీమా


శాలిబండ,
నవంబర్.

సలీమా,

ఉత్తరం అందింది. నేనే చదివాను, ఎవరి చేతా చదివించుకోలేదు. చదివి ఏడ్చాను. విశాల్ చూసి "ఏమైందమ్మా, కంట్ల నీళ్లా?" అని హడలిపోయాడు. చుక్కల మందు అని చెప్పాను. వాడి అబద్ధాలన్నిటికీ కలిపి ఒకటి చెల్లించాను.

భయం లేదని రాయను. ఉంది. అయినా నేను అడిగింది నాకు దొరికింది, ఇంకొకరికి దొరకనిది. రేపు పొద్దున దుకాణం తెరిచేది నేనే. కీర్తిప్రియను పక్కన కూర్చోబెట్టుకుని రంగులు నేర్పిస్తాను, గల్లా తుడవడం కూడా.

జాకెట్ ఇప్పటి కొలతకు కుట్టకు. ఇంకా చిక్కిపోతాను, బిగించి కుట్టు. కానీ కుట్టు లోపల గుడ్డ ఎక్కువే వదులు. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఆమె లెక్క తప్పితే విప్పుకుని వదులు చేసుకుందాం.

సావిత్రి